రకం అదే, నేల మారింది: స్త్రీల స్థూలకాయం – విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

గ్రామ సమాఖ్య సమావేశాలలో పోషకాహారాన్ని గురించి మాట్లాడిన ప్రతి విస్తరణ శాస్త్రవేత్తకూ ఒక ప్రశ్న పరిచయమే. "మా అమ్మది గిదే ఒళ్లు, నాదీ గిదే ఒళ్లు. రక్తంలనే ఉన్నదానికి ఏం జేస్తం మేడం?" అని ఒక మహిళా రైతు అడుగుతుంది. చుట్టూ ఉన్నవారు నవ్వుతారు. మనమూ చిరునవ్వు నవ్వి, "తిండి తగ్గించు, నడక పెంచు అమ్మా" అని చెప్పి తరువాతి అంశానికి వెళ్లిపోతాము. ఆ ప్రశ్నకు అది సమాధానం కాదు. సరియైన సమాధానం వ్యవసాయ శాస్త్రం చదివిన వారి చేతిలోనే ఉన్నదని, అయినా మనం దానిని చెప్పడం లేదని ఈ వ్యాసం అభిప్రాయం.

స్త్రీల స్థూలకాయాన్ని గురించి సమాజంలో రెండు సమాధానాలు ప్రచారంలో ఉన్నవి. మొదటిది వంశం మీద భారం వేసి ఊరుకునేది. రెండవది ఆ స్త్రీ తిండినీ, బద్ధకాన్నీ నిందించేది. మొదటిది ప్రయత్నాన్ని చంపుతుంది, రెండవది ఆత్మగౌరవాన్ని చంపుతుంది. మొక్కల ప్రజననం చదివిన విద్యార్థి ఈ రెండింటినీ అంగీకరించడు. దిగుబడి విత్తనం వల్ల వచ్చినదా, నేల వల్ల వచ్చినదా అని అడిగితే, రెండింటి వల్లనూ, ఆ రెండింటి పరస్పర చర్య వల్లనూ వచ్చినదని చెబుతాడు. రుద్రూరులోని ప్రాంతీయ చెరకు, వరి పరిశోధనా స్థానంలో గాని, మరెక్కడ గాని ఒకే క్షేత్రంలో ఒకే ఏడు పండించి చూసి ఏ రకాన్నీ విడుదల చేయరు. బహుళ ప్రాంత పరీక్షలు, రైతుల పొలాలలో మినీకిట్ ప్రదర్శనలు జరిగిన తరువాతనే దాని గుణాన్ని నిర్ణయిస్తారు. "ఈ రకం మంచిదా?" అని రైతు అడిగితే "మీ నేల ఏది, నీటి వసతి ఎంత?" అని మనం ఎదురు ప్రశ్న వేస్తాము. అదే ప్రశ్నను స్త్రీ ఆరోగ్యం విషయంలో మాత్రం మరచిపోతున్నాము.

జన్యుశాస్త్రం చెప్పినది

శరీర బరువులో వంశపారంపర్యత ఉన్నదన్నది కాదనలేని విషయం. కవలలపై జరిగిన అధ్యయనాలు శరీర ద్రవ్యరాశి సూచీలోని వైవిధ్యంలో సుమారు 40 నుంచి 70 శాతం వరకు వంశపారంపర్యమని అంచనా వేసినవి. 2007లో 16వ క్రోమోజోముపై ఉన్న ఎఫ్‌టీఓ జన్యువులోని ఒక రూపాంతరానికి బరువుతో సంబంధం ఉన్నదని ఐరోపా సంతతికి చెందిన 38,759 మందిపై జరిగిన అధ్యయనం తెలిపినది. ఆ రూపాంతరాన్ని తల్లి నుంచీ, తండ్రి నుంచీ, అంటే రెండు ప్రతులుగా పొందిన వారు, ఒక్క ప్రతి కూడా లేనివారి కంటె సగటున 3 కిలోల అధిక బరువు ఉన్నారు. వారిలో స్థూలకాయం కలిగే అవకాశం 1.67 రెట్లు. 2008లో 18వ క్రోమోజోముపై ఎంసీ4ఆర్ జన్యువు సమీపంలోని మరొక రూపాంతరానికి నడుము చుట్టుకొలతతోనూ, ఇన్సులిన్ నిరోధకతతోనూ సంబంధం కనిపించినది. లండన్‌లోని భారతీయ సంతతి వారిని చేర్చుకొని చేసిన ఆ అధ్యయనంలో, ఈ రూపాంతరం ఐరోపా వారిలో కంటె భారతీయులలో తరచుగా ఉన్నట్లు తేలినది.

ఇంతవరకు చదివి ఆగిపోయిన వారు ఆ మహిళా రైతు మాటే నిజమని తలచవచ్చును. కాని తరువాతి సంవత్సరాల పరిశోధన ఆ తొందరపాటును సరిదిద్దినది. 2015 నాటికి శరీర ద్రవ్యరాశి సూచీతో సంబంధం గల 97 జన్యుస్థానాలు లెక్కకు వచ్చినవి. అన్నింటినీ కలిపినా మనుషుల మధ్య వైవిధ్యంలో అవి వివరించగలిగినది 2.7 శాతమే. ఒక్కొక్క జన్యువు చేసే పని చిన్నది. వరిలో దిగుబడి వలె మనిషిలో బరువు కూడా బహుజన్యు లక్షణమే. 97 స్థానాలలో ఎక్కువ భాగం మెదడులో, అందులోనూ ఆకలిని, తృప్తిని నియంత్రించే వ్యవస్థలలో పనిచేసే జన్యువులను సూచించినవి. స్థూలకాయపు జన్యువు అంటే కొవ్వును తయారుచేసే జన్యువు అని మనం ఊహించుకుంటాము. నిజానికి వాటిలో చాలావరకు "ఇక చాలు" అన్న సంకేతం ఎప్పుడు వస్తుందో నిర్ణయించేవి. ఒక స్త్రీ ఒక ముద్ద ఎక్కువ తిన్నదంటే అది ఆమె నిగ్రహలోపమని తీర్పు చెప్పే ముందు ఈ సంగతి గుర్తుండవలెను.

స్త్రీల విషయంలో మరొక ప్రత్యేకత ఉన్నది. కొవ్వు ఎంత ఉన్నదన్న దానితో పాటు ఎక్కడ చేరినదన్నది ముఖ్యం. తుంటి, తొడల వద్ద చేరిన కొవ్వు కంటె పొట్టలో చేరిన కొవ్వు మధుమేహానికీ, గుండెజబ్బుకూ దగ్గరి దారి. నడుము–తుంటి నిష్పత్తిని నిర్ణయించే జన్యుస్థానాలను 2010లో 14 వరకు గుర్తించగా, వాటిలో ఏడింటి ప్రభావం పురుషులలో కంటె స్త్రీలలో బలంగా కనిపించినది. 7వ క్రోమోజోముపై ఉన్న కేఎల్ఎఫ్14 జన్యు ప్రాంతం మరింత విచిత్రమైనది. 2018లో వెలువడిన అధ్యయనం ప్రకారం, అక్కడి ఒక రూపాంతరం తల్లి నుంచి సంక్రమించినప్పుడే పనిచేస్తుంది. స్త్రీలలో అది కొవ్వు కణాల పరిమాణాన్ని పెంచి, కొవ్వును తుంటి నుంచి పొట్ట వైపు మళ్లిస్తుంది. కనుక "మా అమ్మది గిదే ఒళ్లు" అన్న మాటలో కొంత శాస్త్రసత్యం ఉన్నది. దానిని మూఢనమ్మకంగా కొట్టివేయరాదు.

అదే జన్యువు, వేర్వేరు నేలలు

ఇక నేల సంగతి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆమిష్ అనే సంప్రదాయ వ్యవసాయ సమాజం ఉన్నది. కారు, ట్రాక్టరు వంటి యంత్రాలకు వారు చాలావరకు దూరంగా ఉంటారు. 2008లో 704 మంది ఆమిష్ ప్రజలపై జరిగిన అధ్యయనంలో, శరీరశ్రమ తక్కువగా చేసేవారిలో ఎఫ్‌టీఓ రూపాంతరం బరువును పెంచినది. రోజుకు మూడు నాలుగు గంటలు అదనంగా ఓ మోస్తరు శ్రమ చేసేవారిలో ఆ ప్రభావం దాదాపు కనిపించలేదు. 2011లో 2,18,166 మంది సమాచారాన్ని కలిపి చూసినప్పుడు, చురుకుగా ఉన్నవారిలో ఈ జన్యువు వల్ల కలిగే స్థూలకాయ ప్రమాదం 27 శాతం తగ్గినట్లు తేలినది. 2015లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనపు సమాచారం నుంచి మరొక సంగతి బయటపడినది. 1942కు పూర్వం జన్మించిన వారిలో ఈ రూపాంతరానికీ బరువుకూ సంబంధం కనిపించలేదు; తరువాత పుట్టినవారిలోనే అది బలంగా కనిపించినది. జన్యువు మారలేదు. తిండి, శ్రమ, జీవన విధానం మారినవి.

దూరదేశాల మాట ఎందుకంటారా? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ భాగస్వామిగా సాగిన భారతీయ వలస అధ్యయనం మనకు ఇంకా దగ్గరిది. హైదరాబాద్, బెంగళూరు, నాగపూర్, లక్నో నగరాలలోని కర్మాగారాలకు గ్రామాల నుంచి వలస వచ్చిన ఉద్యోగులను, వారి జీవిత భాగస్వాములను, ఊరిలోనే ఉండిపోయిన వారి తోబుట్టువులతో పోల్చి చూశారు. 2010లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, శరీర ద్రవ్యరాశి సూచీ 25 దాటిన పురుషులు గ్రామాలలో 19 శాతం, వలస వచ్చినవారిలో 37.8 శాతం, నగరవాసులలో 41.9 శాతం. స్త్రీలలోనూ ధోరణి ఇటువంటిదే. తోబుట్టువులకు సగటున సగం జన్యువులు ఉమ్మడి. అయినా వలస వచ్చినవారు తమ తోబుట్టువులను విడిచి నగరవాసుల దరికి చేరినారు.

ఈ సూత్రాన్ని గ్రామంలో చెప్పడానికి గ్రాఫులు అక్కరలేదు. తోడికోడళ్లను తీసుకోండి. జన్యువులు వేరు, వంటిల్లు ఒకటి. ఒకే పొలంలో వేసిన రెండు రకాల వంటివారు. ఒకే కుండలో వండిన అన్నం తిని ఒకామె బక్కగా, మరొకామె లావుగా ఉంటే, ఆ తేడాలో జన్యువుల పాత్ర కొంత ఉండకపోదు. ఇప్పుడు అక్కాచెల్లెళ్లను తీసుకోండి. ఒకే రకం గింజలు వేర్వేరు పొలాలలో పడినట్లుగా, ఒకరు వ్యవసాయ కుటుంబంలోకి, మరొకరు పట్టణంలోకి కోడళ్లుగా వెళ్లినారు. పదేళ్ల తరువాత వారి నడుము కొలతలో తేడా వస్తే అందులో నేల పాత్ర ఉండకపోదు. ఈ రెండు ఉదాహరణలనూ అర్థం చేసుకోలేని మహిళ ఏ గ్రామంలోనూ ఉండదు.

బోధన్ నేల ఎట్లా మారినది

నిజామాబాద్, బోధన్ ప్రాంతాన్ని గురించి మాట్లాడగానే చక్కెర మీదికి చూపు పోతుంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీరు, 1937లో ఏర్పడిన నిజాం చక్కెర కర్మాగారం, దాని చుట్టూ వెలసిన శక్కర్‌నగర్ ఈ ప్రాంతపు గుర్తింపు. చక్కెర నాడు కనుక ఇక్కడ లావు ఎక్కువని చమత్కరించేవారూ ఉన్నారు. అది పొరపాటు. చెరకు పండించే ఇల్లు చక్కెర తినే ఇల్లు కానక్కరలేదు. చెరకు ఈ ప్రాంతపు స్త్రీలకు ఇచ్చినది ప్రధానంగా శ్రమను: ముచ్చెలు నాటడం, కలుపు తీయడం, ఎండుటాకు తీయడం, జడలు చుట్టడం, మోపులు కట్టడం. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడినది. చెరకు తగ్గి వరి పెరిగినది. వరిలో కలుపును మందులు చంపుతున్నవి, కోతను యంత్రాలు కోస్తున్నవి, నాట్లకు అనేక గ్రామాలలో ఇతర రాష్ట్రాల కూలీలు వస్తున్నారు. ఆర్మూరు వైపు పసుపు ఉడకబెట్టడమూ, మెరుగు పెట్టడమూ యంత్రాల చేతికి పోయినవి. పొలంలో పని తగ్గిన స్త్రీలకు దొరికిన ఉపాధిలో పెద్ద భాగం బీడీలు చుట్టడం. ఒళ్లో చేట పెట్టుకొని, తునికాకు కత్తిరిస్తూ, వెయ్యి బీడీల లెక్క పూర్తయ్యే వరకు కూర్చొనే పని అది. వేళ్లు తప్ప శరీరం కదలదు.

తిండి మాత్రం ఆ వేగంతో మారలేదు, మారినచోట మంచి వైపు మారలేదు. జొన్నరొట్టె, గటక తిన్న ప్రాంతం తెల్లన్నానికి అలవాటు పడినది. ఆర్మూరు పరిసరాలలో ఎర్రజొన్న నేటికీ విస్తారంగా పండుతున్నది, కాని అది ఉత్తరాదికి పశుగ్రాస విత్తనంగా పోవడానికే. మన పళ్లెంలోకి రాదు.

ఒక చిన్న లెక్క చూడండి. జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించిన ప్రకారం, 55 కిలోల బరువున్న స్త్రీకి కఠిన శ్రమ చేసేటప్పుడు రోజుకు 2,720 కిలోకేలరీలు, మధ్యరకం శ్రమకు 2,130, కూర్చొని చేసే పనికి 1,660 అవసరం. నాట్లు, కలుపు, కోతల జీవితం నుంచి చేట ముందు కూర్చొనే జీవితానికి వచ్చిన స్త్రీకి అవసరం 1,060 కిలోకేలరీలు తగ్గుతుంది. నూరు గ్రాముల బియ్యం సుమారు 350 కిలోకేలరీలు. అంటే తేడా దాదాపు 300 గ్రాముల బియ్యం. మధ్యరకం శ్రమ నుంచి వచ్చినా తేడా 130 గ్రాములకు పైనే. ఈ మిగులు అంతా కొవ్వుగా మారదు. శ్రమతో పాటు ఆకలి కూడా కొంత తగ్గుతుంది. కాని ఎంత తగ్గుతుంది, ఎవరిలో తగ్గుతుంది? జన్యువుల మధ్య తేడా బయటపడేది ఇక్కడే. ఒకామెకు పని తగ్గగానే ఆకలి తగ్గుతుంది. మరొకామెకు తగ్గదు. కలుపు తీసే రోజులలో ఆ ఇద్దరి మధ్య ఈ తేడా ఎవరికీ కనిపించలేదు. వర్షాలు సమృద్ధిగా ఉన్న ఏట కరువును తట్టుకునే రకమేదో, తట్టుకోనిదేదో తెలియనట్లే. దీనికి ఇంటి మర్యాద తోడవుతుంది. అందరి తరువాత తినే ఇల్లాలు మిగిలిన అన్నాన్ని పారవేయలేక తానే తింటుంది. పప్పు, కూర అప్పటికే అయిపోయి ఉంటవి.

అందుకే మన రాష్ట్రంలో రెండు లోపాలు పక్కపక్కనే నిలిచి ఉన్నవి. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో 30.1 శాతం మంది అధిక బరువు లేదా స్థూలకాయం కలవారు, 18.8 శాతం మంది ఉండవలసిన దాని కంటె తక్కువ బరువు కలవారు, 57.6 శాతం మందికి రక్తహీనత. రక్తహీనులు సగానికి మించినప్పుడు, లావుగా కనిపించే స్త్రీలలో అనేకుల రక్తంలో ఇనుము చాలదనే అర్థం. ఆమెకు "తిండి తగ్గించు" అని మాత్రమే చెప్పడం సగం సలహా. తగ్గవలసినది అన్నం, పెరగవలసినది పప్పు, కూర, పాలు, గుడ్డు.

మనం ఏమి చేయవలెను

ఇది వైద్య ఆరోగ్య శాఖ పని కదా అని కొందరు అనవచ్చును. చికిత్స వారి పని. కాని స్త్రీల శ్రమను తగ్గించే పనిముట్లను ప్రచారం చేసినది మనం. కలుపు మందుల మోతాదు చెప్పినది మనం. ఏ పంట వేయవలెనో సూచించేది మనం. ఆమె నేలను మార్చిన వారిలో మనమూ ఉన్నాము. శ్రమ తగ్గించడం తప్పు అని ఇక్కడ ఎవరూ అనడం లేదు. బురదలో నడుము వంచి రోజంతా నాటు వేయడాన్ని వ్యాయామమని పొగడడం, ఎన్నడూ నాటు వేయనివారు మాత్రమే చేయగలిగిన పని. శ్రమ తగ్గడం ఆమె హక్కు. దానితో పాటు రావలసిన రెండవ సలహాను మనం ఇవ్వలేదన్నదే నా ఆక్షేపణ.

మొదటిది, కొలత. తూకం ఒక్కటే చాలదు. మన వారిలో తక్కువ బరువులోనే ఎక్కువ కొవ్వు ఉంటుంది. 2004లో పుణెకు చెందిన యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యుడ్కిన్ అనే ఇద్దరు వైద్యశాస్త్రవేత్తలు తమ సొంత శరీరాలను కొలిచి ప్రకటించినారు. ఇద్దరి శరీర ద్రవ్యరాశి సూచీ 22.3. లండన్ శాస్త్రవేత్త శరీరంలో కొవ్వు 9.1 శాతం, పుణె శాస్త్రవేత్త శరీరంలో 21.2 శాతం. అందుకే ఆసియా వారికి 23 నుంచే జాగ్రత్త అవసరమని, స్త్రీల నడుము 80 సెంటీమీటర్లు దాటరాదని నిపుణుల సూచన. రైతు వేదికలో జరిగే మహిళా శిక్షణలో ఒక కొలత టేపు ఉంచడానికి ప్రత్యేక పథకం అవసరం లేదు. కొలత మాత్రం అందరి ముందు గట్టిగా చదివేది కారాదు. ఎవరి అంకె వారికే తెలియవలెను.

రెండవది, లెక్క. వరికోత యంత్రం గాని, కలుపు యంత్రం గాని ప్రదర్శించినప్పుడు ఎకరాకు ఎన్ని గంటలు ఆదా అయినవో నమోదు చేస్తున్నాము. ఆ గంటలు ఎవరివి, ఇప్పుడు ఆమె ఆ గంటలలో ఏమి చేస్తున్నది, ఇంట్లో నెలకు బియ్యం వాడకం మారినదా అన్న మూడు ప్రశ్నలు ఆ పట్టికలో చేరవలెను. స్నాతకోత్తర విద్యార్థులకు ఇది మంచి పరిశోధనాంశం.

మూడవది, పళ్లెం. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించరాదు. కూరగాయలు రోజుకు 400 గ్రాములు ఉండవలెను. వరి కోసిన తరువాత పెసర, మినుము, పొలం గట్ల మీద కంది, ఇంటి వెనుక పెరటి తోట అన్నవి మనం ఏనాటి నుంచో చెబుతున్నవే. వాటిని ఆదాయపు లెక్కతో పాటు ఇల్లాలి పళ్లెపు లెక్కతోనూ చెప్పవలెను. ఎర్రజొన్న పండే చోట తినే జొన్నకు ఒక గుంట కేటాయించమనడం పెద్ద కోరిక కాదు. తెలంగాణ సోనా రకానికి గ్లైసీమిక్ సూచీ తక్కువన్నది మన విశ్వవిద్యాలయానికి గర్వకారణమే. కాని సూచీ తక్కువైన అన్నంలో కేలరీలు తక్కువ ఉండవన్న మాట కూడా అదే వేదిక మీద చెప్పవలెను. రుద్రూరులోని ఆహార సాంకేతిక కళాశాల, అక్కడి కృషి విజ్ఞాన కేంద్రం కలిసి పనిచేస్తే జొన్న, పప్పులతో పని మధ్యలో తినదగిన చిరుతిండ్లు బీడీ కార్మికులకు చేరగలవు.

నాల్గవది, హెచ్చరిక. ఉమ్మి నమూనా పంపితే మీ జన్యువులకు తగిన ఆహారం చెబుతామనే వాణిజ్య పరీక్షలు పట్టణాలకు వచ్చినవి. 97 స్థానాలు కలిసి 2.7 శాతాన్ని వివరించిన చోట, కొన్ని స్థానాలను చూసి ఒక స్త్రీ భోజనాన్ని నిర్ణయించడం శాస్త్రం కాదు. ఆ డబ్బుతో ఆ కుటుంబం ఎన్నో నెలలు కందిపప్పు కొనుక్కోవచ్చును.

చివరిది, భాష. విద్యార్థులకు నా మనవి ఇదే. దిగుబడి తక్కువ వచ్చిన రైతును "నీ విత్తనమే అంత" అనీ, "నీవు సోమరివి" అనీ మనం అనము. భూసార పరీక్ష చేయిద్దాం పదండి అంటాము. ఆ మర్యాదనే ఈ మహిళకూ ఇవ్వండి. ఆమె మళ్లీ అడిగినప్పుడు ఇలా చెప్పవచ్చును: "అమ్మా, మీ మాట నిజమే. విత్తనం మీ అమ్మగారిదే. కాని మీ అమ్మగారు నాటు వేసినారు, మీరు చేట ముందు కూర్చున్నారు. అందులో మీ తప్పు లేదు. విత్తనాన్ని మార్చలేము గాని, ఈ కొత్త నేలకు తగిన సాగు పద్ధతి ఉన్నది. ముందు మీరు రోజుకు ఎంత బియ్యం వండుతున్నారో చెప్పండి, అక్కడి నుంచి మొదలుపెడదాం." ఆ మాట తరువాత సమావేశం తరువాతి అంశానికి వెంటనే వెళ్లకపోయినా ఫరవాలేదు.